లిగూరియా లేసుకి నరసాపురం అతుకు

ఇటలీ వెళ్ళొచ్చానని తెలియగానే మా తెలుగు చర్చిలో అందరూ అడిగిన మొదటి మాట, "రోమ్ చూశావా?" చూడలేదు. "పోనీ వెనిస్‌లో పడవెక్కావా?" ఎక్కలేదు. "మరి పన్నెండు రోజులూ ఏం చేశావమ్మా?" అని పాస్టరుగారి భార్య జాలిగా అడిగారు. ఒక పెద్దావిడ వీధి గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతుంటే పక్కన కూర్చున్నానండీ అంటే ఎవరికి ఎక్కుతుంది? అందుకే రాస్తున్నాను. ఆ ఊరు మీలో ఎవరూ వెళ్ళే దారిలో లేదు. నేనూ మళ్ళీ వెళ్తానో లేదో తెలీదు. వచ్చి నెల దాటింది, ఇంకా పొద్దున లేవగానే సముద్రం కనిపిస్తుందేమోనని కిటికీ తెర తీస్తున్నాను. కార్ల పార్కింగు కనిపిస్తోంది.

బట్టలుతికే గది

ఈ ప్రయాణం మొదలైంది జెర్సీ సిటీలో, మా అపార్ట్‌మెంట్ బిల్డింగు నేలమాళిగలో, వాషింగ్ మెషీన్ల దగ్గర. నేను ఆసుపత్రిలో నర్సుని. మూడేళ్ళ కిందట ఒకరోజు డ్యూటీ దిగి వచ్చి బట్టలు వేస్తున్నాను. కింది అంతస్తులో ఉండే ఇటలీ పెద్దావిడ, కతరీన, పక్క మెషీన్‌లోంచి దిండు గలీబు తీసి దులిపింది. దాని అంచు చూసేసరికి నా చేతిలో సబ్బుపొడి డబ్బా కింద పడింది. అది ఇటలీ పువ్వు.

మాది నరసాపురం పక్క పల్లె. మా వైపు ఆడవాళ్ళకి లేసు పని ఎప్పుడో దొరసానులు నేర్పారు. కొక్కెం సూదీ, దారపు ఉండా ఉంటే చాలు, మధ్యాహ్నం అన్నాలు తిని పదిమంది ఒక అరుగు మీద చేరేవారు. ఒకరు పువ్వులు, ఒకరు ఆకులు, ఒకరు అంచు. వాటన్నిటినీ కలిపి బల్లగుడ్డగా చేసేది అతుకుపనివాళ్ళు. మా అమ్మది అతుకుపని, నాదీ అదే. అతుకు కనపడకూడదు, కనపడితే ఏజెంటు మొహాన కొట్టేవాడు. దొరసానులు వదిలిపోయిన పాత నమూనాల పుస్తకంలో ఒక పువ్వుండేది. ఎనిమిది రేకులు, మధ్యలో సాలెగూడు. దాని కింద ఇటలీ అని రాసుండేది, కనుక మాకది ఇటలీ పువ్వు. అమ్మ ఒక్కతే దాన్ని తప్పులేకుండా అల్లేది. అమ్మ పోయిన తరవాత నేను దాన్ని మళ్ళీ చూడలేదు.

"ఇదెక్కడిది?" అన్నాను గలీబు లాక్కుని.

"మా అమ్మ చేసింది. సాంత మార్గరీతా. లిగూరియా. మా సముద్రం ఒడ్డు," అంది కతరీన.

చెరో కొసా పట్టుకుని ఇద్దరం ఆ చల్లటి గదిలో ఎంతసేపు నిలబడ్డామో గుర్తులేదు. మెషీను ఎప్పుడో ఆగిపోయింది.

ఒక జానెడు మిగిలిన మొక్కు

తరవాత తెలిసింది అసలు కథ. కతరీన చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఓడ తుపానులో చిక్కి నలభై రోజులు జాడ లేకుండా పోయిందట. వాళ్ళమ్మ కొండ మీద ఉన్న మరియమ్మ గుడికి మొక్కుకుంది: ఆయన తిరిగొస్తే బలిపీఠం గుడ్డకి చుట్టూ లేసు అల్లి ఇస్తానని. ఆయన వచ్చాడు. ఆవిడ మొదలెట్టింది, పూర్తికాకుండానే పోయింది. పోయేటప్పుడు పెద్ద కూతురు కతరీన చేతిలో ఆ లేసు అల్లే దిండు పెట్టి, "పూర్తిచేసి నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు," అంది. కతరీనకి పందొమ్మిదేళ్ళకి జెర్సీ సిటీ సంబంధం కుదిరింది. దిండు కూడా ఓడెక్కింది. చెల్లెలు రోసాకి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆ తరవాత ఇక్కడ బేకరీ, పిల్లలు, భర్త జబ్బు. ప్రతి ఏడూ "వచ్చే ఏడు" అంటూ యాభై అయిదేళ్ళు గడిచిపోయాయి.

ఆ దిండు ఆవిడ మంచం పక్కన స్టాండు మీద ఉండేది. వాళ్ళ లేసు మనలా సూదితో కాదు. గడ్డి కుక్కిన గుండ్రటి దిండు మీద చిల్లులు పొడిచిన అట్ట పెట్టి, చిల్లు చిల్లుకీ గుండుసూది గుచ్చి, చిన్న చెక్క కండెలకి చుట్టిన దారాలని ఒకదానిమీదొకటి వేస్తూ అల్లుతారు. దాని మీద నలభై జతల కండెలు వేలాడుతున్నాయి. నాలుగు వేళ్ళ వెడల్పు, అన్నీ ఇటలీ పువ్వులే. మిగిలింది ఒక జానెడు.

పోయిన వసంతంలో కతరీన నన్ను పిలిచి, "నా మోకాళ్ళు అయిపోయాయి, కళ్ళూ అయిపోయాయి. నేనిక వెళ్ళలేను. నీకు ఆ ఊరు చూడాలని ఉందిగా. దీన్ని రోసాకి ఇవ్వు. పూర్తిచేసి గుడికి ఇచ్చేయమను. ఫోటో తీసి పట్టుకురా," అంది.

ప్రొటెస్టెంట్లం మేము. మరియమ్మకి మొక్కులూ, కొవ్వొత్తులూ మా ఇంటా వంటా లేవు. అయినా సరేనన్నాను. ఆ పువ్వు పుట్టిన ఊరు చూడాలని చిన్నప్పట్నుంచీ ఎంత ఆశో నాకు తెలుసు. సెలవు పెట్టాను, 1984 మే నెలలో. మా ఆయన డేవిడ్, "శాంతిని నేను చూసుకుంటాలే, నువ్వు వెళ్ళిరా," అన్నారు. శాంతి మా పదేళ్ళ అమ్మాయి.

నా తెలివి

ఇక్కడ చేసిన పని రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడడం లేదు.

ప్రయాణం రోజు పొద్దున దిండు మా ఇంటికి తెచ్చుకున్నాను. పిల్లాడిలా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళమంది కతరీన. అటు చూస్తే నిండు చూలాలి బొజ్జంత దిండు, ఇటు చూస్తే ఎనభై కండెలు ఊగుతున్నాయి. ఇది విమానంలో చిక్కుపడదా? కస్టమ్స్ వాళ్ళు గడ్డి చూసి కోసి పారేయరా? నేను లేసు తెలియనిదాన్నా ఏమిటి? మా ఊళ్ళో పని ఆపి మూట కట్టేటప్పుడు చివర ముడేసి దారం తెంపుతాం. తెంపకపోతే ఎవరో లాగితే మొత్తం ఊడి చేతికొస్తుంది. కత్తెర తీసి, సూదులన్నీ పీకి, జత జతకీ గట్టిగా ముడేసి కండెలు కోసేశాను. లేసు నీటుగా అట్టకి చుట్టి, కండెలు పాలిథిన్ సంచిలో వేశాను. దిండు అలమారలో పెట్టాను.

"కతరీనగారికి చెప్పావా?" అన్నారు మా ఆయన, సూట్‌కేసు లాక్ చేస్తూ.

"ఎందుకండీ చెప్పడం? లేసు గురించి నాకు చెప్పేవాళ్ళా?"

"సరేలే, నువ్వు ఎక్స్‌పర్ట్‌వి. ఎయిర్‌పోర్ట్‌కి లేట్ అవుతోంది, పద."

జెనోవా

మిలానులో దిగి రైల్లో జెనోవా చేరాను. పాత రేవు పట్నం. కొలంబస్ పుట్టిన ఊరు అని ప్రతివాడూ చెప్తాడు. మనల్ని వెతుక్కుంటూ బయల్దేరి అమెరికాలో తేలాడు మహానుభావుడు. నేను అమెరికాలో తేలి, ఆయన ఊరు వెతుక్కుంటూ వచ్చాను. లెక్క సరిపోయింది.

సందులు ఎంత ఇరుకంటే రెండు చేతులూ చాపితే రెండు గోడలూ తగులుతాయి. ఒక సందులో కట్టెల పొయ్యి వాసన వస్తే లోపలికి వెళ్ళాను. గూడులాంటి పొయ్యిలోంచి బండిచక్రమంత రాగిపళ్ళెం లాగాడు ఒకాయన. అందులో ఉన్నది సెనగపిండి అట్టు! ఉప్పూ, నూనే, పైన మిరియాలపొడి, అంతే. కాగితంలో చుట్టి ఇచ్చాడు, వెయ్యి లీరాలు, అంటే డాలరు కూడా కాదు. ఇటలీ అనగానే పిజ్జా తింటానని వచ్చి సెనగపిండి తిన్నాను. నిలబడి రెండోది కూడా తిన్నాను.

రేవు దగ్గర పెద్ద గడియారం ఉన్న పాత భవనం చూపించి, అమెరికా ఓడలు ఇక్కడి నుంచే వెళ్ళేవని చెప్పారు. పందొమ్మిదేళ్ళ కతరీన దిండు చంకన పెట్టుకుని ఈ రాళ్ళ మీదే నించుంది. ఎవరు వచ్చుంటారు సాగనంపడానికి? తొమ్మిదేళ్ళ పిల్లని తెచ్చుంటారా? అడగడం మర్చిపోయాను కతరీనని. అక్కడ కాసేపు కూర్చుంటే నా ప్రయాణం గుర్తొచ్చింది, మద్రాసు విమానాశ్రయం, నా సంచిలో అమ్మ కొక్కెం సూది. ఆ సూది ఇప్పుడూ నా పర్సులోనే ఉంది.

బొమ్మ కిటికీ

జెనోవా నుంచి సాంత మార్గరీతాకి రైలు సముద్రం ఒడ్డునే వెళ్తుంది, కానీ కొండల్లో సొరంగాలు. చీకటి, తటాలున నీలం, మళ్ళీ చీకటి. చూశాననుకునేలోపే పోతుంది. చిన్నప్పుడు పేరుపాలెం సముద్రానికి బండిలో వెళ్తుంటే సరుగుడు చెట్ల మధ్య ఇలాగే తళుక్కుమనేది. ఎదురుగా ఉన్నావిడ నా మొహం చూసి రుమాలు ఇచ్చింది. ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది నాకు.

ఊళ్ళో ఇళ్ళన్నీ గులాబీ, పసుపు, ఇటికరాయి రంగులు. సముద్రంలోంచి మగవాళ్ళు తమ ఇల్లు గుర్తుపట్టడానికట. నేను దిగేసరికి చినుకులు మొదలయ్యాయి. ఒక ఇంటి మేడమీద కిటికీ బార్లా తెరిచి ఉంది, గట్టు మీద పూలకుండీ, పక్కన పిల్లి. "ఏమండోయ్, వాన! కిటికీ వేసుకోండి!" అని ఇంగ్లీషులో, చేతులతో, చివరికి తెలుగులో కూడా అరిచాను. పిల్లి కదలదే! పక్కన ఎవరో పకపకా నవ్వారు.

"సిన్యోరా, ఆ పిల్లి మా నాన్న పుట్టకముందు నుంచీ అక్కడే కూర్చుంది," అన్నాడు ఇంగ్లీషులో.

కిటికీ, కుండీ, పిల్లి, అన్నీ గోడ మీద వేసిన బొమ్మ. ఆ ప్రాంతంలో కిటికీలు కట్టించే స్తోమత లేనివాళ్ళు రంగులతో వేయించుకునేవారట. నవ్విన మనిషి జీనో, నేను దిగాల్సిన ఇంటి యజమాని. ఓడల మీద నలభై ఏళ్ళు వంటవాడిగా తిరిగాడు. విశాఖపట్నం రేవులో మూడు వారాలు ఉన్నాడట. "మాంగనీసు ఎక్కించుకున్నాం. అక్కడ మిరపకాయ ఒకటి కొరికాను. ఇంకా మండుతోంది," అన్నాడు.

ఆ పూట నాకు ఉప్పులో ఊరేసిన చిన్న చేపలు రొట్టెతో పెట్టాడు. నోట్లో పెట్టగానే నెత్తళ్ళు! అచ్చం మా ఊరి ఉప్పు నెత్తళ్ళు. నా మెళ్ళో నాయనమ్మ పగడాల దండ చూసి అద్దాలు పెట్టుకుని మరీ పరిశీలించాడు. వాళ్ళ ముత్తాతలు సార్డీనియా దాకా పడవలేసుకుని పగడాలకి వెళ్ళేవారట, ఆరేసి నెలలు. మగాళ్ళు పగడాలకి పోతే ఆడవాళ్ళు గుమ్మాల్లో లేసు అల్లి ఇల్లు నడిపేవారట. "ఇవి మా సముద్రంలోవే, మీ దేశం కొనేది," అని తేల్చేశాడు. నిజమో కోతో గాని, ఆ రాత్రి ఆ దండ తీయకుండానే పడుకున్నాను.

రోసా గుమ్మం

రోసా ఇల్లు చర్చి వెనక సందులో. మాట సాయానికి జీనో కూడా వచ్చాడు. చర్చి ముందు నేలంతా నల్లవీ తెల్లవీ సముద్రపు గులకరాళ్ళు పొదిగి పువ్వులూ లతలూ వేశారు. మా పేటలో క్రిస్మస్‌కి వేసే ముగ్గులే, కానీ చెరిగిపోనివి. తొక్కడానికి మనసొప్పక పక్కనుంచి నడిచాను. ఆ ఊరివాళ్ళు సైకిళ్ళేసుకుని నడిమధ్య నుంచే పోతున్నారు.

అరవై నాలుగేళ్ళ రోసా గుమ్మంలో దిండు ముందేసుకుని కూర్చుంది. ఒకప్పుడు ఆ సందు నిండా ఇలాగే కూర్చునేవారట. ఇప్పుడు ఆడపిల్లలు హోటళ్ళలో పనికి పోతున్నారు, మిగిలింది ముగ్గురు. నన్ను చూసి లేచి రెండు బుగ్గల మీదా ముద్దులు పెట్టింది. నా చేతులు పట్టుకుని వాసన చూసింది.

"అక్క వాసన వస్తుందేమోనని చూస్తోంది," అన్నాడు జీనో నెమ్మదిగా.

గర్వంగా సంచి విప్పి లేసు పరిచాను. రోసా వేళ్ళతో తడుముతూ వచ్చింది, అమ్మ పని, అక్క పని, ఇదుగో ఇక్కడ అక్క చెయ్యి మొదలైంది అని చూపిస్తూ. చివరికొచ్చింది. వేళ్ళు ఆగిపోయాయి. ముడులు చూసింది. సంచిలో కోసిన కండెలు చూసింది. అరచెయ్యి ఆ ముడుల మీద పెట్టి కాసేపు ఉంచింది, తరవాత లేచి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

"ఏమైంది?" అన్నాను.

జీనో తల గోక్కున్నాడు. "సిన్యోరా, ఈ పనిలో దారం కోస్తే లేసు అయిపోయినట్టే. మళ్ళీ మొదలవదు. అందులోనూ మొక్కు లేసు. మొదట్నుంచీ చివరిదాకా ఒకటే పరుగు ఉండాలంటారు. అతుకు ఉండకూడదు."

"అట్ట ఉందిగా! కండెలు ఉన్నాయిగా!"

"దారం తెగిందిగా."

యాభై అయిదేళ్ళు దాచిన దాన్ని అయిదు నిమిషాల్లో నాశనం చేశాను. లేసు గురించి నాకు చెప్పేవాళ్ళా అని నీలిగాను కదా! సిగ్గుతో చచ్చిపోయాను. ఒక్కసారి దిండు ఎత్తుకుని కింది అంతస్తుకి వెళ్ళి "ఇది ఇలా తీసుకెళ్ళనా?" అని అడిగుంటే పోయేది. అడగలేదు, ఎందుకంటే నాకన్నీ తెలుసు. ఆ రోజంతా బల్లమీద కూర్చుని సముద్రం చూశాను. అంత అందమైన సముద్రం ఒక్క ముక్క కూడా కంటికి ఆనలేదు.

కొండ మీద

రెండు రోజులు రోసా తలుపు తీయలేదు. మూడో రోజు పొద్దున నల్ల గుడ్డ తలకి కట్టుకుని వచ్చి, "గుడికి పద. మరియమ్మకి చెప్పాలి," అని జీనో చేత చెప్పించింది. జీనోనీ రమ్మంది.

బస్సులో రపాల్లో అనే పక్క ఊరికి వెళ్ళి, తాళ్ళ మీద నడిచే చిన్న డబ్బాలో కొండెక్కాం. కింద చెస్ట్‌నట్ చెట్లు, ఆ వెనక సముద్రం. గుడి లోపల గోడల నిండా చిన్న చిన్న పటాలు. అన్నీ ఓడలే. పర్వతాలంత అలలు, చినిగిన తెరచాపలు, మూల మేఘంలో మరియమ్మ. తుపానులో బతికి బయటపడ్డవాళ్ళు ఎవరికి వారు వేయించి ఇచ్చినవి. వందల ఏళ్ళుగా ఆ ఒడ్డున ఇంటింటి భయం అంతా ఆ గోడ మీదే ఉంది. మోకాళ్ళ మీద పడలేదు గాని, తల వంచి నించున్నాను. మా పాస్టరుగారికి చెప్పకండి.

జీనో ఒక పటం ముందు ఆగాడు. "రోసా, ఇలా రా." వాళ్ళ నాన్న ఓడ. ఆ ఓడలో పనిచేసినవాళ్ళు కలిసి ఇచ్చిన పటమట. రోసా చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. కానీ జీనో వేలు పెట్టి చూపించింది తెరచాప కట్టే మధ్య స్తంభాన్ని. అది సగంలో విరిగి ఉంది. విరిగిన చోట ఇంకో దుంగ ఆనించి, తాళ్ళతో వరసలు వరసలుగా బిగించి కట్టారు. చిత్రకారుడు ఆ కట్టు ఒక్కొక్క చుట్టూ లెక్కగా వేశాడు.

"మీ నాన్న దేనితో ఇంటికొచ్చాడు?" అన్నాడు జీనో. "అతుకు స్తంభంతోనే కదా? మరియమ్మ వద్దందా?"

రోసా చాలాసేపు పటం వంక చూసింది. తరవాత నా వైపు తిరిగి ఏదో అడిగింది.

"అతకడం నీకొచ్చా అంటోంది," అన్నాడు జీనో.

పర్సు తెరిచి అమ్మ కొక్కెం సూది తీసి ఆవిడ అరచేతిలో పెట్టాను. "మా ఇంటి పనే అది," అన్నాను.

అతుకుపని

రోసా లేసు చివరి బెత్తెడు మళ్ళీ అట్ట మీద పరిచి, చిల్లు చిల్లుకీ గుండుసూది గుచ్చింది. కొత్త దారం కండెలకి చుట్టింది. నా పని, ముడుల వెనక ఉన్న ఒక్కొక్క చుట్టులోంచి కొత్త దారం కొక్కెంతో లాగి, రెండు కొసలూ రోసాకి అందించడం. నలభై చోట్ల. దారం వెంట్రుకంత. ఊపిరి బిగబట్టి లాగాలి, ఎక్కువ లాగితే పువ్వు ముడుచుకుంటుంది. ఒకటిన్నర రోజు పట్టింది. వేలి కొస బొబ్బలెక్కింది. నా పాత ముడులు ఒక్కొక్కటీ లోపలికి దూర్చేశాను.

ఆ గుమ్మంలో కూర్చుంటే మా అరుగు కళ్ళ ముందు ఆడింది. ఎండ కాళ్ళ దాకా వస్తే ఒక్కసారే అందరం వెనక్కి జరిగేవాళ్ళం, అత్తల మీద చాడీలు, పాటలు, ఎవరో ఒకరు పళ్ళెంలో మరమరాలు తేవడం. "అమ్మాయ్, చేతిని బతిమాలు, దారాన్ని కాదు," అనేది అమ్మ. జెర్సీ సిటీలో నాకు అన్నీ ఉన్నాయి, కానీ చేతిపని పట్టుకుని పక్కన కూర్చునే ఆడమనిషి లేదు. అలాంటి తోడు ఎంత కావాల్సి ఉందో నాకు ఆ గుమ్మంలో తెలిసింది. రోసాకి నా భాష రాదు, నాకు ఆవిడది రాదు. ఎండ జరిగినప్పుడు ఇద్దరం కుర్చీలు ఒకేసారి వెనక్కి లాగాం. ఆవిడ నా వైపు చూసి నవ్వింది.

తరవాత అయిదు రోజులు రోసా అల్లింది. టకటకా టకటకా కండెలు. మధ్యాహ్నం తులసిలాంటి ఆకూ, వెల్లుల్లీ, జున్నూ రోట్లో నూరి సేమ్యాల్లో కలిపి పెట్టేది. ఆ రోటి చప్పుడుకి నాకు ఆకలి రెట్టింపయ్యేది. పన్నెండో రోజుకి ముందురోజు, ఆఖరి సూది పీకింది. అతుకు ఎక్కడుందో నాకు తెలుసు కాబట్టి కనిపించింది. జీనో వెతికి వెతికి వదిలేశాడు.

బలిపీఠం గుడ్డకి కుట్టి కొండ మీద పరిచాం. ఫోటో తీశాను. రోసా ఏడవలేదు, నేనే ఏడ్చాను.

బయల్దేరే పొద్దున రోసా స్టేషనుకి వచ్చింది, చంకలో ఒక దిండుతో. కొత్త దిండు, రాత్రుళ్ళు మేలుకుని చేసినట్టుంది. మీద చిల్లుల అట్ట, వేలెడు మొదలుపెట్టిన ఇటలీ పువ్వు, ఎనభై కండెలు వేలాడుతున్నాయి. "కతరీన" అంటూ నా ఒళ్ళో పెట్టి, వేళ్ళతో కత్తెరలా చేసి చూపించి, తల అడ్డంగా ఊపింది. మా ఇద్దరికీ తెలిసిన ముక్క ఒక్కటే ఉంది.

"నో," అంది.

మళ్ళీ జెర్సీ సిటీ

మిలాను నుంచి న్యూయార్కు దాకా ఆ దిండు నా ఒళ్ళోనే. భోజనం పళ్ళెం కూడా దింపలేదు. కండెలు చీర కొంగులో చుట్టి పట్టుకున్నాను, బాత్‌రూమ్‌కి వెళ్ళేటప్పుడు పక్క సీటు ఆవిడకి అప్పగించి మరీ వెళ్ళాను. కస్టమ్స్ ఆఫీసరు, "ఇదేమిటి?" అని ఒక కండె ఎత్తబోతే, "చెయ్యి తీయండి!" అని గట్టిగా అరిచాను. పాపం నిజంగానే తీసేశాడు.

బ్యాగులు ఇంట్లో పడేసి కతరీన దగ్గరికి వెళ్ళాను. మా ఆయన దిండు పట్టుకుని తలుపు బయట నించున్నారు. శాంతి నా కొంగు పట్టుకుని వెనకే వచ్చింది. ముందు చెప్పాల్సింది చెప్పాను: కోసింది నేనే, అతికింది నేనే, క్షమించమని. కతరీన విన్నదో లేదో. ఆ ఊళ్ళోనే అప్పటికప్పుడు కడిగించి తెచ్చిన ఫోటో భూతద్దంతో చూస్తోంది.

"అయిపోయిందా?" అంది చివరికి.

"అయిపోయింది."

భూతద్దం దించేసింది. "ఆ జానెడు నేను పదేళ్ళ కిందటే అల్లేయగలిగేదాన్ని, తెలుసా? అప్పుడు కళ్ళు బాగానే ఉన్నాయి. అల్లలేదు. అది ఉన్నన్నాళ్ళూ నాకు అక్కడ ఒక పని మిగిలుంది. వచ్చే ఏడు వెళ్ళాలి అనుకోడానికి ఒక కారణం. నువ్వు తీసుకెళ్ళిన రోజు ఈ మంచం పక్కన చూడలేకపోయాను. ఇప్పుడు ఆ ఊరికి నాతో ఏం పని?"

ముఖం గోడకి తిప్పుకుంది. శాంతి నా చెవిలో, "మమ్మీ, గ్రాండ్‌మా ఎందుకు ఏడుస్తుంది? యూ సెడ్ షి విల్ బి హ్యాపీ," అంది.

రోసాకి ఎలా తెలిసిందో, యాభై అయిదేళ్ళు చూడని అక్క మనసు! "ఏమండీ, అది ఇటివ్వండి," అన్నాను. మా ఆయన దిండు తెచ్చి కతరీన ఒళ్ళో పెట్టారు.

"రోసా పంపింది. మొదలుపెట్టింది తను. పూర్తిచేసి నిన్నే తెమ్మంది." ఆ చివరి మాట రోసా అనలేదు. నేనే అన్నాను.

కతరీన కళ్ళతో చూడలేదు, వేళ్ళతో చూసింది. కండెలు జతజతగా తడుముతూ లెక్కపెట్టింది. వేలెడు లేసు మీద బొటనవేలు అటూ ఇటూ రాసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"వదులు," అంది. "దీని చెయ్యి ఎప్పుడూ వదులే. తొమ్మిదేళ్ళప్పుడూ ఇంతే, ఎన్నిసార్లు చెప్పినా వినదు."

చివరి వరస సూదులు నాలుగు పీకేసింది. ఆ దారాలు విప్పుతూ, తల ఎత్తకుండా, "డేవిడ్, ఆ స్టాండు ఇలా జరుపు," అంది మా ఆయనతో. "ఇదంతా సరిచేసి తీసుకెళ్ళి దాని మొహాన పెట్టాలి."